మనిషికి రెండు ఓళిగలు

పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం చెప్పే లెక్కల ఉపాధ్యాయుడు సొంత ఇంటి గృహప్రవేశానికి ఎన్ని ఓళిగలు కావాలో తేల్చుకోలేకపోతే ఆ చదువుకు అర్థమేమిటన్న అభిమానంతో నేను కాగితం, కలం పట్టుకున్న నాడే మా ఇంటి పరువు సగం పోయిందని, మిగిలిన సగం మూడో బంతిలో పోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. పరువును సగాలుగా విడగొట్టడం శాస్త్రసమ్మతం కాదని చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుంటున్నాను.

కోస్తావాళ్ళు బొబ్బట్లనే వాటిని మా అనంతపురంలో ఓళిగలంటాము. శనగపప్పు, బెల్లం కలిపి రుబ్బిన పూర్ణాన్ని పిండిముద్దలో పొదిగి, నూనె రాసిన అరిటాకు మీద వేళ్ళతో పలచగా తట్టి, పెనం మీద కాల్చి, ఆకులో వేసి, పైన నెయ్యి ఒలకబోస్తేనే అది విందు. చిత్రాన్నం బాగా కుదరకపోయినా, రసంలో ఉప్పు ఎక్కువైనా బంధువులు క్షమిస్తారు. ఓళిగలు చాలకపోతే మాత్రం ఆ మాట మనవళ్ళ కాలం దాకా నిలుస్తుంది.

మా ఆవిడ మొదటే సులువైన దారి చూపించింది. "వంటాయన్ను అడగండి, ఆయనే చెప్తాడు" అంది. అడిగాను. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వండుతున్న ఆ పెద్దమనిషి ఆలోచించకుండానే, "మనిషికి నాలుగు లెక్కన ఏసుకోండి సార్. తిననోళ్ళు తినరు, వాళ్ళవి కూడా తినేటోళ్ళు తింటారు" అన్నాడు. అందులో శాస్త్రం ఏమీ కనబడలేదు గనుక నేను జాలిగా నవ్వాను.

నా దగ్గర శాస్త్రం ఉంది. మొన్నటి ఉగాదికి మా ఇంట్లో పదకొండు మంది భోంచేశారు. పాఠానికి పనికొచ్చే ఉదాహరణ దొరుకుతుందన్న ఆశతో, వడ్డించే నెపం మీద పంక్తి పొడుగునా తిరుగుతూ, ఎవరెవరు ఎన్ని ఓళిగలు తిన్నారో కొత్త పంచాంగం వెనుక అట్ట మీద పెన్సిలుతో గణన చిహ్నాలు వేశాను. ఒక్కో ఓళిగకు ఒక నిలువు గీత, అయిదోదానికి ఆ నాలుగింటి మీదా ఒక అడ్డగీత, అంతటితో ఒక కట్ట పూర్తి. చాలామంది పేర్ల ఎదుట రెండేసి గీతలతో తీరిపోయింది. మా ఆవిడ మేనమామ పేరు ఎదుట మాత్రం మూడు కట్టలు నిండి, ఆ పైన మూడు గీతలు నిలబడ్డాయి.

వడ్డన ముగిసిన తరువాత ఆరోహణ క్రమంలో రాస్తే దత్తాంశం ఇలా వచ్చింది: 1, 2, 2, 2, 2, 2, 3, 3, 4, 5, 18. మొత్తం 44. పదకొండుతో భాగిస్తే అంకమధ్యమం, అంటే అందరమూ సగటు అనేది, 4. వరుసలో సరిగ్గా నడుమనున్న ఆరో విలువ 2 కనుక మధ్యగతం 2. అన్నింటికన్నా ఎక్కువసార్లు వచ్చింది కూడా 2 కనుక బాహుళకమూ 2. పద్దెనిమిదిలోంచి ఒకటి తీసేస్తే వ్యాప్తి 17. ఈ చివరి అంకె గురించి మా ఆవిడ పుట్టింటివారితో ప్రస్తావించకూడదని ఆనాడే నిశ్చయించుకున్నాను.

గృహప్రవేశానికి శ్రావణంలో ముహూర్తం కుదిరింది. పుస్తకంలో చివర్లో ఉండే సాంఖ్యక శాస్త్రం పాఠాన్ని, పిల్లల మేలు కోరుతున్నట్టు నటిస్తూ, శ్రావణానికి ముందుకు జరిపాను. అప్పటికే జూన్ 29న, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ జయంతి సందర్భంగా 2007 నుంచి జరుపుతున్న జాతీయ గణాంక దినోత్సవం నాడు, ప్రార్థనా సమావేశంలో నా ఉపన్యాసం అయింది. బెంగాలులో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా కట్టడానికి ఆయన ముందుగా చిన్న నమూనా సర్వేలు చేసి చూసేవారని చెప్పి, అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉన్న హడగలిలో 1920లో పుట్టి, నూట రెండేళ్ళ వయసులో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావు మనకు పొరుగువాడేనని కూడా గుర్తుచేశాను. బళ్ళారి ఇక్కడికి ఎంత దూరమనీ, ఆ గాలి మన మీదికి కూడా కొంత వీచి ఉండదా అనీ ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది. మహలనోబిస్ నమూనా జనపనార, నా నమూనా ఓళిగలు. అంతకు మించి తేడా కనబడలేదు.

తరగతిలో మధ్యగతం గొప్పతనం చెప్పడానికి నేను ఎప్పుడూ వాడే ఉదాహరణ పక్క జిల్లాలోని వజ్రాల వేట. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వంగి వంగి రాళ్ళు ఏరుతారు కదా. వందమంది వెతికితే ఒకడికి పది లక్షల రాయి దొరికిందనుకోండి, సగటున మనిషికి పదివేలు వచ్చినట్టు. తొంభై తొమ్మిది మంది మాత్రం నడుము నొప్పితో, ఖాళీ చేతులతో బస్సెక్కుతారు. అక్కడ మధ్యగతం సున్నా, నిజం చెప్పేది అదే. గుంపుకు దూరంగా ఒంటరిగా నిలిచిన ఒక్క విలువ సగటును తన వైపు లాగేసుకుంటుందని, మధ్యగతం మాత్రం దానికి లొంగదని చెప్పినప్పుడు పిల్లలు తలలూపుతారు. ఏళ్ళ తరబడి వాళ్ళ చేత తలలూపించి తలలూపించి, చివరికి సగటంటే నాకే చులకన ఏర్పడింది.

ఆ ఊపులోనే ఉగాది దత్తాంశాన్ని, పేర్లు లేకుండా, నల్లబల్ల మీద రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. గణాంకవేత్త కార్ల్ పియర్సన్ గమనించిన సంబంధం ఒకటి పుస్తకంలో ఉంది: బాహుళకం = 3 మధ్యగతం - 2 అంకమధ్యమం. దాన్ని కూడా సరిచూపిద్దామని మూడు రెళ్ళు ఆరులోంచి రెండు నాలుగులు ఎనిమిది తీసేసరికి బల్ల మీద మైనస్ రెండు వచ్చి కూర్చుంది. వెనుక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, మైనస్ రెండు ఓళిగలంటే, భోజనానికొచ్చినోళ్ళే ఆకులో రెండు పెట్టి పోతారా సార్?" అని వినయంగా అడిగాడు. ఆ సంబంధం ఉజ్జాయింపుదనీ, విలువలు ఒక పక్కకు మరీ ఒరిగిపోని చోటనే పనికొస్తుందనీ నవ్వులు ఆగిన తరువాత వివరించాను. ఈ అనర్థానికంతటికీ ఆ పద్దెనిమిదే మూలమని తీర్మానించి, దాన్ని ఎర్ర సుద్దతో కొట్టేశాను. ముందు వరుసలో మా కొత్త ఇల్లు కట్టిన మేస్త్రీ కూతురు చెయ్యెత్తి, "సార్, మొత్తం ఎన్ని కావాలో తెలియాలంటే..." అని ఏదో మొదలుపెట్టింది కానీ, అంతలోనే గంట కొట్టారు. గంట కొట్టిన తరువాత జ్ఞానం స్వీకరించే అలవాటు నాకు లేదు.

ఇంటికి వచ్చి పంచాంగం తీసి, మామ పేరునూ ఆయన మూడు కట్టలనూ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. మధ్యగతం 2, బాహుళకం 2, అంకమధ్యమం 2.6. ముగ్గురిలో ఇద్దరి మాట ఒకటే కనుక ప్రజాస్వామ్యం కూడా నా వైపే ఉంది. నూట ఇరవై మంది అతిథులు, మనిషికి రెండు, మొత్తం 240. చిరిగినవాటికీ మాడినవాటికీ మరో పది చేర్చి 250 చెప్పాను. వంటాయన అంకె విని, నా వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, "సరే సార్, ఇల్లు మీది" అన్నాడు.

గృహప్రవేశం నాటి పొద్దున పాలు పొంగాయి. సత్యనారాయణ వ్రతం ముగిసింది. మొదటి బంతికి నలభై ఆకులు పరిచే వేళకు, రాయదుర్గం వైపు నుంచి ఒక టెంపో వచ్చి గుమ్మం ముందు ఆగింది. మామ దిగాడు. ఆయన వెనుక తమ్ముళ్ళు దిగారు, తమ్ముళ్ళ వెనుక కొడుకులు దిగారు. అందరివీ ఒకే పోలికలు, ఒకే భుజాలు, ఒకే ఆకలి. లెక్కపెడితే మామతో కలిపి పదకొండు మంది. నమూనాలో పదకొండు మందికి ఒకరు అలాంటివారైతే, నూట ఇరవై మందిలో దాదాపు పదకొండు మంది ఉంటారన్న సంగతి, ఇంత చక్కని అనుపాత సిద్ధాంతం, టెంపో తలుపు మూసుకున్నాక గానీ నాకు తట్టలేదు. నేను గుంపుకు దూరంగా ఉన్న విలువ అనుకున్నదానికి దాని గుంపు దానికి ఉంది.

బంతి మొదలైంది. మిగతా ఇరవై తొమ్మిది మంది, మర్యాదస్థులు, అందరూ కలిసి అరవై తిన్నారు. మామ బృందం పదకొండు మంది మాత్రం, వడ్డించే కుర్రాడు తరువాత ప్రమాణం చేసి చెప్పినదాన్ని బట్టి, సరిగ్గా నూట ఎనిమిది తిన్నారు. అష్టోత్తరం. వంటాయన బుట్ట వంచి చూసుకుని నా దగ్గరికి వచ్చి, "నూటా అరవై ఎనిమిది అయిపోయినాయి సార్" అన్నాడు. నలభై మందికి నూట అరవై ఎనిమిది అంటే సగటు 4.2. అంత ఆందోళనలోనూ ఒక విషయం గమనించకుండా ఉండలేకపోయాను: ఆ బంతిలో సగం మందికి పైగా రెండుతోనే ఆపేశారు గనుక మధ్యగతం అప్పటికీ రెండే. నా మధ్యగతం చెక్కు చెదరకుండా నిలబడింది. బుట్టలో ఓళిగలే నిలబడలేదు.

మిగిలిన ఎనభై రెండింటిలో రెండో బంతికి ఆకుకు రెండు చొప్పున ఎనభై వేయించాను. ఇంకొకటి అడగబోయినవారి ముందు నేనే స్వయంగా రసం తీసుకుని నిలబడి, వాళ్ళ నోట మాట రాకముందే పోస్తూ వెళ్ళాను. ఆ బంతివారికి రెండే ఇష్టమని తరువాత ఎవరైనా వాదిస్తే నమ్మవద్దు, వాళ్ళు తిన్నది దొరికినంతే తప్ప కోరినంత కాదు. మూడో బంతికి నలభై మంది కూర్చున్నారు, బుట్టలో రెండు ఓళిగలున్నాయి, అందులో ఒకటి చిరిగింది. ఆ బంతిలోనే మా ప్రధానోపాధ్యాయుడు, తోటి ఉపాధ్యాయులు, ఇల్లు కట్టిన మేస్త్రీ, ఆయన భార్యాబిడ్డలు ఉన్నారు.

మా బావమరిదిని స్కూటరు మీద పాతూరికి తరిమాను. శ్రావణ శుక్రవారం కావడం వల్ల ఓళిగల అంగడి ముందు తాంబూలాల కోసం వచ్చినవాళ్ళు బారులు తీరి ఉన్నారట. పెనం మీద ఒకసారికి నాలుగే పడతాయట. అక్కడి నుంచి ఫోను చేసి అతడు ఈ వివరాలు చెబుతున్నంతసేపూ ఇక్కడ నేను ప్రధానోపాధ్యాయుడి ఆకులో మూడోసారి చిత్రాన్నం వేయించాను. ఆయన వద్దన్నారు. పప్పు వేయించాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. మజ్జిగ దాకా వచ్చాక ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. నలభై ఓళిగల పొట్లంతో స్కూటరు తిరిగొచ్చేసరికి ఆకులు కూడా ఎత్తేశారు.

అప్పుడే మేస్త్రీ కూతురు నా దగ్గరికి వచ్చి, తరగతిలో గంట అడ్డుపడిన వాక్యాన్ని నెమ్మదిగా పూర్తి చేసింది. "సార్, మొత్తాన్ని మనుషులతో భాగిస్తేనే కదా సార్ సగటు వచ్చింది. మళ్ళీ మొత్తం కావాలంటే సగటునే కదా మనుషులతో గుణించాలి. మధ్యగతాన్ని గుణిస్తే ఏమొస్తుంది సార్?"

ఏమీ రాదు. పదకొండును రెండుతో గుణిస్తే ఇరవై రెండు, ఉగాది నాడు తిన్నవి నలభై నాలుగు. ఇది నా చేతిరాతతోనే పంచాంగం అట్ట మీద ఉంది. మామూలు అతిథి ఎన్ని తింటాడన్న ప్రశ్నకు మధ్యగతం చక్కని జవాబే, కానీ పెనం మీద ఎన్ని కాల్చాలన్నది వేరే ప్రశ్న, దానికి మామ తిన్న పద్దెనిమిదీ లెక్కలోకి రావలసిందే. తిననోళ్ళవి తినేటోళ్ళు తింటారన్న వంటాయన మాట కన్నా సగటుకు మంచి నిర్వచనం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదని ఆ అమ్మాయి ముందు ఒప్పుకోలేక, "రేపు తరగతిలో చెప్తాను" అన్నాను.

సాయంత్రం ఇంకో గండం వచ్చింది. ఎవరిదో ప్రయాణానికి రాహుకాలం చూద్దామని మామ పంచాంగం అందుకున్నాడు. వెనక్కి తిప్పాడు. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఏం అల్లుడూ, అందరి పేర్లూ ఉంచి నా పేరొక్కటే ఎర్రగా కొట్టేసినావే? పిలవకూడదనుకున్నావా?" అన్నాడు. గుంపుకు దూరంగా నిలిచిన విలువను తీసివేయడం గురించి నేను చెప్పడం మొదలుపెడితే, ఆయనకు 'గుంపుకు దూరంగా', 'తీసివేయడం' అన్న మాటలు మాత్రమే వినబడ్డాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, పాతూరి పొట్లంలోంచి కొన్ని ఓళిగలు తీసి మేనమామ చేతిలో పెట్టి, మాట మార్చింది. ఎన్ని పెట్టిందో నేను లెక్కపెట్టలేదు.

సోమవారం ఉపాధ్యాయుల గదిలో ప్రధానోపాధ్యాయుడు నా పక్క కుర్చీలో కూర్చుని, ఎంతో సౌమ్యంగా అడిగారు. "మొదటి బంతిలో సగటున మనిషికి నాలుగు పైనే పడ్డాయంట కదా సార్?"

"అవునండీ, 4.2" అన్నాను, అలవాటు కొద్దీ.

"మరి నా నాలుగూ ఎవరు తిన్నారు?"