డైరెక్ట్ కొట్టేద్దాం సార్

పాత కారు బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడ్డవాడికి లోకంలో సలహాల కరువు ఉండదు. ఆ సలహాలన్నిటికీ తలమానికం ఒకటుంది: "డైరెక్ట్ కొట్టేద్దాం సార్." రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదా, డైరెక్ట్. ఎందుకు తిరగట్లేదో ఓసారి చూద్దామా అంటే, ఎందుకు సార్ టైం వేస్టు, డైరెక్ట్. ఈ సిద్ధాంతాన్ని నేను ఎంతో భక్తితో అధ్యయనం చేశాను. దీని సారాంశం ఏమిటంటే, ఆ కారు తయారుచేసినవాళ్లకి పనీపాటా లేక ఒక ఫ్యూజు, ఫ్యాన్‌కి కరెంటు కలిపే ఒక రిలే, వేడెక్కగానే ఆ రిలేని మేల్కొలిపే ఒక థర్మోస్విచ్చు రేడియేటర్‌లో పెట్టారు గానీ, బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగితే సరిపోయేది.

నా కారు వయసు నాకంటే కొంచెమే తక్కువ. వేగంగా పోతున్నంతసేపు దానికి ఏ జబ్బూ లేదు, ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది, దాంతోపాటు నా బీపీ. 92 డిగ్రీల దగ్గర తిరగాల్సిన ఫ్యాన్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది.

ఒకరోజు అలాగే ఆగిపోతే నిపుణుల మహాసభ కొలువుతీరింది. మొదటి నిపుణుడు రిలే మీద చెవి పెట్టి, టిక్కుమన్న శబ్దం విని, "రిలే సూపర్" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. ఆ టిక్కు రిలే లోపలి కాయిల్‌కి, అంటే 85, 86 నంబర్ల పిన్నులకి కరెంటు అందిందని మాత్రమే చెబుతుంది. అసలు ఫ్యాన్‌కి కరెంటు పంపే 30, 87 మధ్య కాంటాక్టులు మాడి మసైపోయినా టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. గుండె చప్పుడు విని మోకాళ్లు బాగున్నాయని చెప్పే డాక్టర్ ఎవరైనా ఉంటే ఆయనకి ఈయన సొంత తమ్ముడు. రెండో ఆయన దగ్గర మల్టీమీటర్ ఉంది, కాబట్టి ఆయనది పైస్థాయి. ఫ్యాన్ ప్లగ్గు పీకి, అందులో మీటర్ పుల్లలు గుచ్చి, "12 ఓల్టులు ఫుల్లుగా వస్తోంది, మోటార్ కాలిపోయింది" అని తీర్పు చెప్పాడు. లోడ్ లేకుండా, అంటే మోటార్ కరెంటు లాగనప్పుడు, కొలిస్తే తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 ఓల్టులే చూపిస్తుంది అన్నాను. నన్ను జాలిగా చూశాడు. మూడో ఆయన చూడటం లాంటివి పెట్టుకోలేదు, అప్పటికే స్పానర్ పట్టుకుని మోటార్ బోల్టులు విప్పుతున్నాడు. నాలుగో ఆయన ఇదంతా గమనిస్తూ, ఇంజన్ నీళ్ల దారి తెరిచి మూసే థర్మోస్టాట్ పీకి పారేస్తే ఏ గొడవా ఉండదని గంభీరంగా సెలవిచ్చాడు. ఆయన ఏ కారుకైనా అదే చెబుతాడట. టైరు పంక్చరైనా అదే చెబుతాడని నా అనుమానం.

నలుగురు పెద్దమనుషులు, గంటన్నర సమయం, మోటార్ నుంచి కరెంటు తిరిగి వెళ్లే నల్ల వైరు వంక చూసినవాడు ఒక్కడూ లేడు.

చివరికి మూడో ఆయనే స్పానర్ పక్కన పెట్టి మోటార్‌కి బ్యాటరీ నుంచి రెండు వైర్లు ఆనించాడు. ఫ్యాన్ జుయ్యిమని తిరిగింది. నిజానికి డైరెక్ట్ అనే మాటకి అర్థం ఉన్నది ఈ ఒక్కచోటే. మోటార్ మంచిదే, జబ్బు దారిలో ఉంది అని తేల్చే పరీక్ష అది, నిమిషం పని. ఆయన దృష్టిలో మాత్రం వైద్యం పూర్తయింది. ఆ రెండు వైర్లనీ అలాగే ఉంచి, టేపు చుట్టి, డాష్‌బోర్డు కింద ఒక స్విచ్చు బిగించి, "మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోండి సార్" అన్నాడు. అంటే ఇకమీదట థర్మోస్విచ్చు ఉద్యోగం నాది. ఆ రాత్రి ఉద్యోగి స్విచ్చు ఆపడం మర్చిపోయాడు. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. ఫోన్ చేస్తే, "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసేద్దాం."

ఆ వైరుకి ఫ్యూజు లేదు. సరేనని అసలు ఫ్యూజు బాక్సు తెరిస్తే, ఎప్పుడో ఏ మహానుభావుడో ఫ్యాన్ ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టాడు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఫ్యూజు మళ్లీమళ్లీ పోతోందంటే లోపల మోటార్ పట్టేసి మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతోందనో, వైరు ఎక్కడో బాడీకి తగులుతోందనో అర్థం. ఆ అరిచే నోట్లో గుడ్డ కుక్కడాన్ని రిపేరు అంటారా? ఫ్యూజు సైజు చూసేది వైరు మందాన్ని బట్టిరా బాబూ! ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది. దశాబ్దాల కిందటి వైరు, పైన ఇన్సులేషన్ పెళుసెక్కి రాలుతోంది, జానెడు దూరంలో పెట్రోలు పైపు, వెనక సీట్లో పిల్లలు. నువ్వు కాగితం చుట్టి, చేతులు తుడుచుకుని, డబ్బులు పుచ్చుకుని ఇంటికి పోయావు. ఆ కారులో ఎవరు కూర్చుంటారని ఒక్క క్షణమైనా అనుకున్నావా?

సరే. మంచినీళ్లు తాగి వచ్చాను.

ఆదివారం నేనే కూర్చున్నాను. కాగితం తీసి సరైన ఫ్యూజు వేశాను, డైరెక్ట్ వైరు మొత్తం పీకేశాను. ఇగ్నిషన్ వేసి, థర్మోస్విచ్చు వైర్లు రెండూ ఊడదీసి ఒకదానికొకటి కలిపాను. ఫ్యాన్ తిరిగి ఉంటే స్విచ్చుదే తప్పు అయ్యేది. రిలే టిక్కుమంది, ఫ్యాన్ కదల్లేదు. ప్లగ్గు పీకకుండా, లోడ్ ఉండగానే, మీటర్ ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది మోటార్ నల్ల వైరు మీద పెట్టాను. అక్కడ అర ఓల్టు కూడా రాకూడదు. 11 దాటింది. ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, లేదన్నమాట, బ్యాటరీ ఓల్టులన్నీ ఆ తిరుగు దారిలోనే పోతున్నాయి. ఆ వైరు పట్టుకుని పోతే హెడ్‌లైట్ వెనక బాడీకి బిగించిన బోల్టు దగ్గర తేలాను. నిగనిగలాడే కొత్త పెయింటు మీద, దాని మెరుపు చెడకుండా, కింది ఇనుముకి తగలకుండా, వైరు చివరి రింగు అందంగా కూర్చుని ఉంది. ఆ పెయింటు వేయించింది నేనే, దగ్గరుండి, రెండు కోటింగులు. ఫ్యాన్ మొండికేసింది కూడా సరిగ్గా ఆ తర్వాతే అన్న సంగతి అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు, ఇది మహాసభకి తెలియాల్సిన పనిలేదు.

ఎమరీ పేపరుతో రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, రింగు బిగించి, మీద కాస్త గ్రీజు రాశాను. ముల్లు 92 దగ్గరికి రాగానే ఫ్యాన్ తనంతట తాను తిరిగింది.

వారం తర్వాత మూడో ఆయన ఎదురుపడ్డాడు. బానెట్ ఎత్తించి, తిరుగుతున్న ఫ్యాన్‌ని ముచ్చటగా చూసుకుని నా భుజం తట్టాడు. "చూశారా సార్, నేను కొట్టిన డైరెక్ట్ ఎంత గట్టిగా నిలబడిందో!"

ఆయన వైరు అప్పుడు డిక్కీలో చుట్ట చుట్టి ఉంది.