ఇంతకీ తమరు ఎవరి తాలూకండీ?

మహారాజశ్రీ పాత కార్బొరేటర్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మా పెరటి అరుగు మీద, కిరసనాయిలు పోసిన పాత సత్తు గిన్నెలో, మా ఆవిడ చూపులు తట్టుకుంటూ క్షేమంగానే ఉన్నారని తెలుసు. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాయడమేమిటని అనుకోకండి. నోటితో ఐదు నెలలుగా అడుగుతూనే ఉన్నాను. తమరు ఉలకరు, పలకరు.

అడిగేది ఒక్కటే ప్రశ్న. మా గోదావరి జిల్లాల్లో బస్సులో పక్కన కూర్చున్నవాడు టిక్కెట్టు తీసుకోకముందే అడిగే ప్రశ్న. "ఇంతకీ తమరు ఎవరి తాలూకండీ?" దీనికి జవాబు చెప్పకుండా రావులపాలెంలో ఎక్కినవాడు రాజమండ్రిలో దిగలేడు. ఇంటిపేరు, ఊరు, మేనమామగారి ఊరు, ఆ ఊళ్ళో ఇల్లు చెరువు గట్టునా గుడి వెనకా అన్నీ రాబట్టి, దిగే ముందు "అయితే మనం మనం బంధువులమే" అని తేల్చేస్తాం. అలాంటి నేల మీద పుట్టి, ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన నేను, పెట్రోల్ ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపిచ్చే రెండు కిలోల లోహం ముందు కూర్చుని వంశం తేల్చలేక చతికిలపడ్డాను.

తమరు నాకు దొరికిన చోటు కూడా గౌరవమైనదేమీ కాదు. హైవే పక్కన పాత ఇనప సామాన్ల కొట్టు. ఒక పక్క రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు, ఇంకో పక్క కొబ్బరి పీచు మిషను చక్రాలు, మధ్యలో తమరు. కొట్టు యజమాని నా కళ్ళలో మెరుపు కనిపెట్టేశాడు. "రెండో ప్రపంచ యుద్ధం మాస్టారూ. మిలటరీ లారీదండి. మీరు కాబట్టి 1,800 అండి, ఆయ్" అన్నాడు. పక్కనే కాటా ఉంది. తమరిని దాని మీద పెడితే చరిత్ర అంతా పోయి రెండు కిలోల తుక్కు మిగులుతుందని భయమేసి, నేనే తొందరపడి డబ్బులు ఇచ్చేశాను.

యుద్ధం అనేసరికి ఎందుకు పడిపోయానో కూడా చెప్పాలి. ఆ యుద్ధం కోసం అమెరికావాళ్ళు జీఎంసీ రెండున్నర టన్నుల లారీలు 5 లక్షలకు పైగా చేశారు. కెనడావాళ్ళు మూతి మీద గుద్దినట్టుండే మిలటరీ లారీలు సుమారు 4 లక్షలు చేశారు. యుద్ధం అయ్యాక మన దేశంలో మిగిలినవాటిలో చాలా బండ్లు ఇక్కడే అమ్ముడుపోయాయి. అవీ, బొంబాయిలో జనరల్ మోటార్స్‌వారు 1928 నుంచి 1954 దాకా బిగించి అమ్మిన షెవర్లేలూ, ప్రీమియర్‌వారి ఫార్గోలూ, హిందుస్థాన్ మోటార్స్‌వారి బెడ్‌ఫోర్డులూ, మా ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు మోశాయి. వంతెనలు లేని చోట పంటు ఎక్కి గోదారి దాటాయి. (నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య ఇప్పటికీ పంటే. అది వేరే ఉత్తరం, వేరే చిరునామా.)

మా నాన్నకీ ఒక సెకండ్ హ్యాండ్ ఫార్గో ఉండేది. పెట్రోల్ బండి. మా ఇంటి పక్కనే లారీ షెడ్డు. దాని బోర్డు మీద పెయింటరు "ఇచ్చట కార్పొరేటర్లు శుభ్రము చేయబడును" అని రాశాడు. ఆ బోర్డు ఇప్పుడుంటే జనం క్యూ కట్టేవారు.

తమరి కులానికి కష్టకాలం కొత్తేమీ కాదులెండి. యుద్ధం రోజుల్లో పెట్రోల్‌కి రేషన్ పెట్టినప్పుడు బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనకాల ఇనప పీపా, దాని నిండా బొగ్గు, క్లీనరు చెమటలు కక్కుతూ ఫ్యాను తిప్పి నిప్పు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. అప్పట్లో తమవారికి దాదాపు సెలవులే. అసలు దెబ్బ మాత్రం డీజిల్ కొట్టింది. పెట్రోల్ ఖర్చు భరించలేక మా నాన్నలాంటి ఓనర్లు ఉన్న ఇంజను ఊడబీకించి పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నారు. డీజిల్ ఇంజను ఉత్త గాలిని పీల్చి, నొక్కి నొక్కి కాల్చేంత వేడి చేస్తుంది. అందులోకి పంపు ఆయిలు చిమ్మితే అదే భగ్గుమంటుంది. మధ్యలో పెద్దమనిషి అక్కర్లేదు.

తమరి ఉద్యోగమంతా ఆ మధ్యవర్తిత్వమే కదా. గాలిని సన్నటి గొంతులోంచి పరిగెత్తించి, అక్కడ ఒత్తిడి తగ్గేలా చేసి, పక్క గిన్నెలో ఉన్న పెట్రోల్‌ని జెట్టు అనే సన్న బెజ్జం గుండా దానంతటదే లేచి వచ్చేలా చేస్తారు. తూకంలో సుమారు 15 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోల్ చొప్పున సంబంధం కలుపుతారు. ఊరందరికీ పెళ్ళిళ్ళు కుదిర్చి, తన గోత్రం అడిగితే నీళ్ళు నమిలే పేరయ్యని నేను తమరిలోనే చూశాను.

సరే, నా పరిశోధన వినండి. మొదటివారం కిరసనాయిలు స్నానం. పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమితే (మా ఆవిడదని తర్వాత తెలిసింది) ఒంటి మీద ఉబ్బెత్తుగా ఒక నంబరు తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇంటిపేరు దొరికిందనుకున్నాను. నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాక తెలిసింది, అది పోత పోసిన అచ్చు నంబరట. ఒకే అచ్చులో పోసిన ఒంటికి లోపల జెట్లు, మీటలు మార్చి రకరకాల బండ్లకి ఇచ్చేవారట. అంటే తమరు గర్వంగా గుండెల మీద మోస్తున్నది ఇంటిపేరు కాదు, పుట్టిన ఆసుపత్రిలో మంచం నంబరు.

అసలు చిరునామా ఉండేది ఒక చిన్న బిళ్ళ మీద. కార్బొరేటర్లు చేసే జెనిత్‌వారు గుండ్రటి బిళ్ళని గిన్నె మీద రివెట్లు కొట్టి బిగించేవారు. ముందుచూపు ఉన్నవాళ్ళు. కార్టర్‌వారు అలా కాదు. మూడు మూలల లోహపు బిళ్ళ మీద నంబరు కొట్టి, పైమూత స్క్రూ కింద పెట్టి బిగించారు. స్క్రూ విప్పినవాడు బిళ్ళని మళ్ళీ అక్కడే పెడతాడని అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో కూర్చుని నమ్మారు పాపం. మా షెడ్డు వాళ్ళని చూసి ఉంటే నమ్మేవారు కాదు.

తమరి పైమూత మీద ఒక స్క్రూ దగ్గర మూడు మూలల మచ్చ ఉంది. చుట్టూ నల్లబడి, ఆ మేర మాత్రం తెల్లగా, గోడ మీంచి ఫొటో తీసేస్తే మిగిలే చోటులాగ. తమరి జాతకం అక్కడే ఉండేది.

అప్పుడు పెద్దల దగ్గరికి తీసుకెళ్ళాను. వీధిలో ఒక్కొక్కరూ ఒక్కో సంబంధం చెప్పారు. ఒకాయన బెడ్‌ఫోర్డ్ అన్నాడు. ఇంకొకాయన పాత పెట్రోల్ పంపుసెట్టుది అన్నాడు. ఎదురింటి కుర్రాడు అయితే "ఇది మా తాతగారి లేలాండ్ లారీది మాస్టారూ, నాకు బాగా గుర్తు" అన్నాడు. వాడి తాత పోయాక పుట్టాడు వాడు. అది డీజిల్ బండి నాయనా, దానికి కార్బొరేటర్ ఉండదు అంటే, ఒక్క క్షణం కూడా తడబడకుండా "మా తాతగారు స్పెషల్‌గా పెట్టించుకున్నారండి" అన్నాడు.

ఆఖరికి ఎనభై దాటిన లారీ మేస్త్రీ ఒకాయన దొరికాడు. కళ్ళు సరిగ్గా కనపడవు. తమరిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాడు, కొత్త కోడల్ని చూసినట్టు. మూత విప్పించాడు. "మూత ఒక బండిదండీ, గిన్నె ఇంకో బండిది" అన్నాడు. ఒక స్క్రూ బెజ్జం గుండ్రంగా లేదు, ఫైలుతో రాకి పక్కకి జరిపారు. "రెండు పాడైతే ఒకటి చేసేవాళ్ళమండి" అన్నాడు మామూలుగా.

ఇక మిగతా అవయవాలు. గిన్నెలో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల గలగల. వేడి నీళ్ళలో ముంచమన్నాడు. ముంచితే లోపలి గాలి వేడెక్కి, చిల్లు ఉన్నచోట బుడగలు వచ్చాయి. అప్పటికే రెండు చోట్ల టంకం ముద్దలు ఉన్నాయి. టంకం పెరిగితే ఫ్లోట్ బరువెక్కుతుంది, లోతుగా మునుగుతుంది, పెట్రోల్ వచ్చే దారిని నీడిల్ ఆలస్యంగా మూస్తుంది, గిన్నెలో పెట్రోల్ మట్టం పెరిగి వెనకాల నల్ల పొగ. ఏ లారీదో తెలియదు గానీ, దాని వెనక సైకిలు మీద వెళ్ళినవాళ్ళు ఎలా ఉండేవారో తెలిసిపోయింది. యాక్సిలరేటర్ పంపుకి ఉండాల్సిన తోలు వాషరు బదులు చెప్పు తోలు. జెట్టులో ఎవడో తీగ పెట్టి పొడిచి బెజ్జం పెద్దది చేశాడు. తమరిని ఇంజనుకి బిగించే ఫ్లాంజ్ బోల్టులు రెండు, రెండూ 5/16 అంగుళమే, రెండిటికీ అంగుళానికి 18 థ్రెడ్లే. మేస్త్రీ గేజి పెట్టి చూపించాడు. ఒకదాని థ్రెడ్ కోణం 60 డిగ్రీలు, అమెరికాది. ఇంకోదానిది 55, ఇంగ్లండు విట్‌వర్త్. బడిలో ఈ 5 డిగ్రీల తేడాకి నేను మార్కులు కోసేవాణ్ణి. షెడ్డులో మాత్రం నట్టుని గట్టిగా తిప్పితే రెండిటి మీదా ఎక్కేస్తుంది.

కానీ అసలు విశేషం పాకింగు. మూతకీ గిన్నెకీ మధ్య పాకింగుని ఎవరో పెళ్ళి శుభలేఖ అట్టతో కోశారు. పెట్రోల్‌లో నాని నాని పసుపు పోయింది గానీ, అక్షరాలు కొన్ని మిగిలాయి. "...పురం వాస్తవ్యులు", కింద "ద్వితీయ కుమార్తె", ఆ పక్కన ఇంటిపేరులో చివరి రెండక్షరాలు. అంతే. మా ఆవిడ అప్పటిదాకా తమరి ముఖం చూడలేదు. ఆ ముక్క చూడగానే కళ్ళజోడు తెచ్చుకుంది. పక్కింటావిడని పిలిచింది. ఆవిడ పాలకొల్లులో ఉన్న వాళ్ళ పిన్నికి ఫోన్ చేసింది. రెండు రోజుల్లో ఆ పెళ్ళికూతురు ఎవరో, పెళ్ళికొడుకు ఏ ఆఫీసులో పని చేశాడో, కట్నం దగ్గర ఏం గొడవైందో, ఇప్పుడు మనవలు ఎక్కడున్నారో అంతా తేలిపోయింది. మాకు దూరపు బంధువులట కూడా.

ఐదు నెలలు నేను, రెండు రోజులు వాళ్ళు. తమరి ఒంట్లో ఉన్న అట్టముక్కకి వంశవృక్షం దొరికింది, తమరికి మాత్రం లేదు. ఇంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి.

బాగుచేసి ఎక్కడైనా బిగిద్దామా అంటే అదీ టెన్షనే. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. మా చెరకు తోటల పుణ్యం కూడా కొంత ఉండి ఉంటుంది. ఆల్కహాలు లక్కని కరిగిస్తుంది కాబట్టి, లక్క పూసిన బెండు ఫ్లోట్లున్న తమరి పెద్దలైతే పూర్తిగా పోతారు. తమరిది ఇత్తడి ఫ్లోట్ కనుక కాస్త నయం. ఇక తమరి బంధువర్గంలో ఇంకా కొలువు చేస్తున్నవారెవరంటే, మా కౌలు రైతు వీపున వేసుకుని వరికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌లో ఒక చిన్నవాడు ఉన్నాడు. బొటనవేలంత. తమరిని తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నాను. పోయిన గురువారం చినుకులు పడి ఆగిపోయాను.

ఈ ఉత్తరం ఇంతటితో ముగించి కవరు అంటించేవాణ్ణే. నిన్న రాత్రి మా అక్క ఫోన్ చేసింది. ఆవిడకి డెబ్భై దాటాయి. ఊసుపోక తమరి కథంతా చెప్పాను. మూడు మూలల బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి అటు నుంచి నవ్వు.

"ఒరేయ్ తమ్ముడూ, మూడు మూలలుంటుందీ, మధ్యలో బెజ్జం, అంకెలు కొట్టి ఉంటాయీ, అదేనా?"

"నీకెలా తెలుసే?"

"షెడ్డులో మేస్త్రీని అడిగితే ఇచ్చేవాడురా. అవే మా తొక్కుడుబిళ్ళలు. పెంకుముక్కలా పగలదు, గీత మీద పడితే కదలదు. వీధిలో పిల్లలందరి దగ్గరా పెంకులే. నా ఒక్కదాని దగ్గరే అవి. ఏడో ఎనిమిదో ఉండేవి."

ఒక నిమిషం నాకు మాట రాలేదు. ఎక్కడున్నాయే ఇప్పుడు అని అడిగాను.

"పీచుమిఠాయి వాడికి వేసేశాం కదరా. నువ్వే ఏడ్చావు మిఠాయి కావాలని. పెద్ద వాటా నువ్వే తిన్నావు."

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి జాతకం మీద ఒంటికాలితో గెంతి, మిగిలింది మిఠాయికి మార్చుకు తిన్న కుటుంబం తరఫున,
రిటైర్డ్ లెక్కల మాస్టారు

తా.క.: కొట్టు యజమాని పొద్దున్న ఫోన్ చేశాడు. తమరిలాంటిదే ఇంకొకటి వచ్చిందట, బిళ్ళతో సహా. 4,000 అంటున్నాడు. ఆదివారం వెళుతున్నాను. మా ఆవిడతో అనకండి.