మాది కాకినాడేనమ్మా!

టాంజానియాలో ఉన్న కిలిమంజారో కొండ ఎక్కి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. 5,895 మీటర్లు. కాళ్ల నొప్పులు తగ్గాయి గానీ కడుపుమంట తగ్గలేదు. అది కొండ వల్ల వచ్చింది కాదు, షంషాబాద్ ఎయిర్‌పోర్టులో వచ్చింది.

2014లో మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కేసింది, మనం కిలిమంజారో కూడా ఎక్కలేమా అని ఆఫీసులో ఎవరో అన్నారు. ఏడుగురం సై అన్నాం. తాళ్లూ గొడ్డళ్లూ అక్కర్లేదు, నడక వస్తే చాలన్నారు. బూట్ల గురించి రెండు నెలలు మాట్లాడుకున్నాం. వీసా గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం.

నిజానికి టాంజానియా వీసా అంత కష్టమేమీ కాదు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, పాస్‌పోర్టు స్కానూ ఫొటో పెట్టి, యాభై డాలర్లు కడితే మెయిల్‌కి వచ్చేస్తుంది. అదే అమెరికా పాస్‌పోర్టు అయితే వంద. డాలస్ నుంచి నేరుగా వచ్చి మాతో కలుస్తానన్న మా బావమరిదికి ఈ ముక్క చెప్పడానికి మూడుసార్లు ఫోన్ చేశాను. వాడి ముందు నా పాస్‌పోర్టుకి విలువ రావడం అదే మొదటిసారి మరి. వాడు మాట మార్చి, "కెన్యా వెళ్దాం బావా, 2024 జనవరి నుంచి అక్కడ వీసాయే తీసేశారు" అన్నాడు. తీసేశారు, కాదనను. తీసేసి ఈటీఏ అని, ప్రయాణానికి ముందస్తు అనుమతి, ఇంకోటి పెట్టారు. ముందుగా ఆన్‌లైన్‌లో నింపాలి, డబ్బు కట్టాలి, వాళ్లు సరే అనేదాకా ఆగాలి. మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ పెంచం అని చెప్పి కార్పస్ ఫండ్ అడిగినట్టు.

నేను చేసిన బుద్ధితక్కువ పని, దీనికో ఏజెంటుని పెట్టుకోవడం. "టెన్షన్ పడకండి సార్, అంతా మేం చూసుకుంటాం" అన్నాడు. మనిషికి పదిహేను వందలు, దాని పేరు వెరిఫికేషన్ చార్జి. ఆయన చూసుకోవడం ఎలాగంటే, వాట్సాప్‌లో తన లింకొకటి పంపిస్తాడు. అందులో మన వివరాలన్నీ మనమే నింపాలి. ఆయన వాటిని అసలు ఫారంలోకి ఎత్తిపోస్తాడు. కూరలు మనమే తరిగి, మనమే వండి, వడ్డించినందుకు ఆయనకి దక్షిణ ఇవ్వాలన్నమాట.

క్యాంటీన్‌లో కుడిచేత్తో పెసరట్టు తింటూ ఎడమచేత్తో నింపేశాను. వీసా వచ్చింది. ఫొటోలో ముఖం బాగా పడిందో లేదో చూసుకుని ప్రింటు తీసుకున్నాను.

రాత్రి రెండింటికి చెకిన్ కౌంటర్. అక్కడున్న అమ్మాయి నా వీసా చూసింది. నన్ను చూసింది. పాస్‌పోర్టు చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"సార్, మీది ఏ కంట్రీ?"

నిద్రమత్తులో ఉన్నాను. యాస పట్టేసినట్టుంది అనుకుని, "మాది కాకినాడేనమ్మా" అన్నాను.

"ఊరు కాదు సార్, కంట్రీ. వీసా మీద బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ అని ఉంది."

వెనక క్యూలో అందరికీ బ్రిటిష్ అన్న ఒక్క మాటే వినిపించింది. కూతురి పురిటికి వెళ్తున్న ఒక పెద్దావిడ భర్తతో "ఆయన బ్రిటిష్ వాళ్లటండీ" అంది. ఆయన కళ్లజోడు సవరించుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అలా లేడే" అన్నాడు.

జరిగిందేమిటంటే, ఆ లింకులో నేషనాలిటీ గడిలో నేను ఐ, ఎన్, డి అని మూడక్షరాలు కొట్టాను. ఆ మూడక్షరాలు ఎక్కడున్నా సరే, ఆ పేర్లన్నీ అక్షరక్రమంలో వస్తాయట. బి ముందు, ఐ తర్వాత. పెసరట్టు వేలు పైదాని మీద పడింది. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశం కింద నిలబడింది. స్థిరనివాసం ఉన్నవాడు ఒక్కడు కూడా లేని దేశం పైన కూర్చుంది!

అది అసలు దేశం కూడా కాదు. హిందూ మహాసముద్రం మధ్యలో అరవై దాకా చిన్న దీవులు. 1965లో బ్రిటన్ వాటిని విడగొట్టి ఆ పేరు పెట్టింది. అన్నిటికన్నా పెద్దదైన డియెగో గార్సియాలో సైనిక స్థావరం ఉంది. దానికోసం అక్కడివాళ్లని 1968 నుంచి 1973 లోపల ఖాళీ చేయించేశారు. అంతకుముందు అక్కడ కొబ్బరి తోటలుండేవి. ఆ లెక్కన మా కోనసీమతో ఏదో చుట్టరికం కలపొచ్చు. మారిషస్‌కి అప్పజెబుతామని 2025లో బ్రిటన్ సంతకం పెట్టింది కూడా. నా పౌరసత్వం నాకు తెలియకుండానే చేతులు మారుతోందన్నమాట. ఇంకో సంగతి, అక్కడికి మామూలు టూరిస్టులు వెళ్లడానికి లేదు, పర్మిట్ కావాలి. సొంత దేశానికి పర్మిట్ తీసుకుని వెళ్లాల్సినవాణ్ని నేను!

సూపర్‌వైజర్ వచ్చాడు. మా అబ్బాయి వయసుంటుంది. "మీరు అక్కడ పుట్టారా సార్?" అని చాలా మర్యాదగా అడిగాడు. "రామారావుపేటలో పుట్టాను నాయనా" అన్నాను. ఆ పేట ఏ దీవిలో ఉందోనని కంప్యూటర్‌లో కొట్టబోతే ఆ అమ్మాయే ఆపింది. మిగతా ఆరుగురూ ఈపాటికి బోర్డింగ్ పాసులు పట్టుకుని, సాయం చేయకుండా, ఫొటోలు తీస్తున్నారు. ఏజెంటుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాత్రి రెండింటికి ఎవరు ఎత్తుతారు అంటారేమో. ఆయన కాలర్ ట్యూన్ "ఇరవై నాలుగు గంటలూ మీ సేవలో".

చివరికి, మనవాళ్లకి అక్కడ దిగాక కూడా వీసా ఇస్తారని తేలింది. వెనక్కి పంపిస్తే పూచీ నాదేనని కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలారు. కిలిమంజారో ఎయిర్‌పోర్టులో మళ్లీ యాభై డాలర్లు కట్టాను. బయట మా బావమరిది నిలబడి ఉన్నాడు.

"వీసాకి మొత్తం ఎంతైంది బావా?"

వంద.

తర్వాత మచామే అనే కొండదారిలో ఏడు రోజులు. కొండ కొసన ఉహురు శిఖరం మీద సూర్యోదయం బాగుంది.

తిరిగొచ్చాక ఏజెంటు ఫోన్ ఎత్తాడు. "ఫారం నింపింది మీరే కదా సార్" అన్నాడు. మరి వెరిఫికేషన్ చార్జి దేనికయ్యా అంటే, "స్పెల్లింగ్ చూశాం సార్, కరెక్టుగానే ఉంది" అన్నాడు. నిజమే. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఈ పొద్దున చూస్తే ఆయన వాట్సాప్ స్టేటస్‌లో నా శిఖరం ఫొటో ఉంది. మా గ్రూపులోంచి ఎవరో పంపించారు. కింద "మా క్లయింట్, వీసా వంద శాతం గ్యారంటీ" అని రాశాడు. మా బావమరిది అప్పుడే ఆయన నంబరు అడుగుతున్నాడు, వాళ్ల ఫ్రెండ్సెవరో వెళ్తారట.