గొడుగుకి మూడో చెయ్యి కావాలి

వానలో గొడుగేసుకుని నడవడం ఎవరికైనా వచ్చు, అదేం గొప్ప కాదు. మనిషి సత్తా బయటపడేది కారు డోర్ దగ్గర. ఎడమ చేత్తో డోర్ పట్టుకోవాలి, కుడి చేత్తో గొడుగు పట్టుకోవాలి, భుజానికి బ్యాగ్, పళ్ళ మధ్య ఫోను, ఇక ఆ గొడుగు ముయ్యడానికి ఇంకో చెయ్యి ఎక్కణ్ణించి తేవాలో ఏ ఇంజనీరూ చెప్పడు. పోనీ ముందు గొడుగు మూసేసి ఎక్కుదామంటే తల తడుస్తుంది, ముందు ఎక్కేసి తర్వాత మూద్దామంటే మీటరు వెడల్పు గొడుగు జానెడు సందులోంచి లోపలికి రానంటుంది, అడ్డం తిరిగి ఒక ఊచని తీసుకెళ్ళి సీట్ బెల్టులో ఇరికిస్తుంది. ఈ గొడవంతా అయ్యేదాకా డోర్ తెరిచే ఉంటుంది కాబట్టి వాన తీరిగ్గా వచ్చి సీట్లో కూర్చుంటుంది, తర్వాత దాని మీద మనం కూర్చుంటాం. గొడుగు లేకపోతే నెత్తి తడిసేది, ఉంది కాబట్టి ఎక్కడ తడిసిందో నలుగురికీ చెప్పుకోలేం.

దీనికి మందుగా తిరగేసి మూసే గొడుగులు వచ్చాయి. మామూలు గొడుగు కిందకి ముడుచుకుంటుంది కదా, ఇది పైకి ముడుచుకుంటుంది, తడిసిన వైపు లోపలికి పోయి పొడి వైపు బయటికొస్తుంది, గుడ్డ రెండు పొరలు, మణికట్టుకి తగిలించుకోడానికి వీలుగా సి ఆకారంలో పిడి. లోపల కూర్చున్నాక కూడా డోర్ సందులోంచి చెయ్యి బయటపెట్టి మూసుకోవచ్చు, దిగేటప్పుడు అదే సందులోంచి మొన బయటికి పెట్టి విప్పుకోవచ్చు. ఐడియా బావుంది, ఇది మాత్రం వెటకారం కాదు. నేనూ ఒకటి కొన్నా. మొదటిసారే సీటు పొడి, చొక్కా పొడి, నా మొహంలో ఒక రకమైన తేజస్సు.

మరి నీళ్ళు ఏమైనట్టు? అదే నేను అడగాల్సిన ప్రశ్న, అడగలేదు. ఆ గొడుగుని మూసి నిటారుగా నిలబెడితే అచ్చం కూజాయే, నోరు పైకి ఉంటుంది. సాయంత్రానికి వాన వెలిసింది, మా బావమరిదిని కారెక్కించుకుని, పిడి చూడరా ఎంత బావుందో అని గొడుగుని తలకిందులు చేసి చూపించా. మధ్యాహ్నం పడ్డ వాన సాయంత్రం ఆరింటికి కారు లోపల వాడి ఒళ్ళో కురిసింది. వాడు ప్యాంటు దులుపుకుంటూ "బావా, దీన్ని గొడుగంటారా, ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటారా?" అన్నాడు.

అసలు గొడుగుకీ బండికీ ఏనాడూ పడి చావలేదు. 18వ శతాబ్దంలో జోనాస్ హాన్వే అనే ఆయన లండన్ వీధుల్లో గొడుగేసుకుని తిరుగుతుంటే బాగా మండిపడింది బాడుగ గుర్రబ్బళ్ళ వాళ్ళే, వానొస్తేనే వాళ్ళకి నాలుగు బేరాలు, జనమంతా గొడుగులు కొనుక్కుంటే బండెవడెక్కుతాడు మరి. 1852లో శామ్యూల్ ఫాక్స్ ఉక్కు ఊచలు పెట్టి బరువు తగ్గించాడు, 1928లో జర్మనీలో హాన్స్ హాప్ట్ జేబులో పట్టేలా మడతపెట్టాడు. అందరూ మోసుకెళ్ళే బాధే చూశారు గానీ ఎక్కే బాధ, దిగే బాధ ఎవరికీ పట్టలేదు. పాతకాలం వాళ్ళే నయం. చైనా మొదటి చక్రవర్తి సమాధి దగ్గర 1980లో కంచు రథాలు దొరికాయి, 2200 ఏళ్ళ నాటివి, అందులో ఒకదానికి గొడుగు రథానికే బిగించి ఉంటుంది. మనిషి ఎక్కుతాడు, దిగుతాడు, గొడుగు మాత్రం అక్కడే ఉంటుంది. మనవాళ్ళు ఆ గొడుగు పీకేసి కారుకి టాప్ వేశారు, అక్కడే చెడింది.

ఈ కాలంలో రోల్స్ రాయిస్ ఫాంటమ్ డోర్లో గొడుగుకి ప్రత్యేకంగా గూడు ఉంటుంది, స్కోడా సూపర్బ్‌లో కూడా పెట్టారు. సంతోషమే, కానీ గొడుగు ఎక్కడ పెట్టుకోవాలన్నది మన సమస్య కాదు కదండీ, ఎవడు పట్టుకోవాలన్నది సమస్య. ఇక్కడే మన తెలుగు సామెత పనికొస్తుంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట అని ఇన్నేళ్ళూ ఆ అల్పుణ్ణి చూసి నవ్వుకున్నాం, అర్ధరాత్రి ఎండేంటి అని వెక్కిరించాం, కానీ వాడి డిజైన్ ఎవరూ గమనించలేదు. వాడు గొడుగు పట్టుకుంటా అనలేదు, పట్టమన్నాడు. ఆ ఒక్క క్రియాపదంలో మూడో చెయ్యే కాదు, నాలుగోది కూడా ఉంది.

కాబట్టి నేను ప్రతిపాదించే మెరుగైన గొడుగు ఇలా ఉంటుంది: పై భాగంలో గుడ్డ, ఊచలు, మధ్యలో కాడ, అడుగున ఒక మనిషి. ఆ మనిషి నేను కాకూడదు, అది పేటెంట్‌లో ముఖ్యమైన క్లాజు. బ్యాటరీ అక్కర్లేదు, స్ప్రింగు తుప్పు పట్టదు, గాలికి ఎదురు తిరిగితే తనే సరిచేస్తాడు, డోర్ కూడా తీస్తాడు. నిన్న జోరువానలో ప్రయోగం కూడా చేశాం, అడుగు భాగానికి బావమరిదినే పెట్టా. నేను ఒక్క చుక్క పడకుండా ఎక్కి డోర్ వేసుకున్నా. వాడు బయటే నిలబడి అద్దం మీద కొట్టి, "బావా, ఇప్పుడు ఇది మూసి నేనెలా ఎక్కాలి?" అన్నాడు.

అది రెండో వెర్షన్‌లో చూద్దాంరా అన్నాను.