గోదావరి కాలవగట్టుకి లక్ష రూపాయల సైకిలెందుకండీ?

చలికాలం వచ్చిందంటే చాలు, రాజమండ్రి నుంచి కోనసీమలోకి సైకిళ్ల గుంపులు బయల్దేరతాయి. సాయంత్రానికి పోస్టులు మొదలు: వ్యూ సూపరు, రోడ్డు దరిద్రం, మూడు పంచర్లు అని. ఆ రోడ్డుని ఎందుకండీ తిడతారు? 25 మిల్లీమీటర్ల టైరులో 100 పాయింట్ల గాలి కొట్టి కాలవగట్టు మీదకి తెచ్చింది మీరు. కటువుగా ఉంటే ఉండనీండి, నాకనిపించేది ఇదే.

దారి తెలియనివాళ్ల కోసం: రాజమండ్రి ఘాట్ల దగ్గర్నుంచి ధవళేశ్వరం, అక్కడ బ్యారేజీ ఎక్కి, దాని భాగాలైన ధవళేశ్వరం ఆర్మ్, ర్యాలి ఆర్మ్ దాటితే బొబ్బర్లంక. అక్కణ్ణుంచి మధ్య డెల్టా కాలవ పక్కనే ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులు (కాలవ నీటిమట్టాన్ని పెంచి దించే తలుపులు). పోనూ రానూ 45 కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. రావులపాలెం దాకా సాగదీసి, జొన్నాడ వంతెన మీదుగా కడియం వైపు తిరిగి రావచ్చంటారు కొందరు. రావచ్చు. కానీ గౌతమి పాయ మీద ఆ వంతెన పదహారో నంబరు జాతీయ రహదారి. లారీల పక్కన ప్రాణాలు ఉగ్గబట్టుకుని తొక్కడానికి కోనసీమ దాకా ఎందుకు? వచ్చిన దారినే వెనక్కి రండి, ఎండ మారితే అదే కాలవ వేరేగా కనిపిస్తుంది.

ఇక గేర్ల సంగతి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలవల్లో ఒకప్పుడు సరుకు పడవలు కూడా నడిచేవి. పడవ నడవాలంటే నీటి వాలు బాగా తక్కువుండాలి, ఎత్తు తేడా ఉంటే లాకుల దగ్గరే దింపాలి. అలాంటి కాలవ పక్కనున్న గట్టుకి ఎత్తుపల్లాలెక్కణ్ణుంచి వస్తాయి? అవి లేనిచోట గేర్లెందుకు? 44 పళ్ల చైన్‌వీలు, 18 పళ్ల ఫ్రీవీలు ఉన్న పాతకాలపు పెద్ద సైకిలైతే పెడలు ఒక్క చుట్టుకి ఐదు మీటర్ల పైచిలుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 19 కిలోమీటర్లు. ఇంతకంటే తొందరేముంది?

అయితే చదును రోడ్డుకో పేచీ ఉంది. పల్లం రాదు కాబట్టి కాళ్లకి విశ్రాంతి రాదు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే పిర్రలు మండుతాయి, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. పావుగంటకోసారి లేచి నిలబడి ఓ ఇరవై తొక్కుళ్లు తొక్కండి. సీటు ఎత్తు ముందే చూసుకోండి: పెడలు కిందకున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా ఉండాలి. సీటు దిగువనుంటే మోకాలి చిప్ప ముందు నొప్పి, మరీ ఎత్తైతే మోకాలి వెనక నొప్పి.

టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. డెబ్బై కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో ముందు 40, వెనక 45 పాయింట్లు సరిపోతాయి. గాలి గట్టిగా ఉంటే ప్రతి గులకరాయీ చేతుల్లో తెలుస్తుంది, మరీ తక్కువైతే గోతిలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి పాముకాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. మిగతా పంచర్లన్నీ తుమ్మముళ్లే. మేకలవాళ్లు కొమ్మలు కొట్టి మేపిన చోట రోడ్డంచున రాలి ఉంటాయి, అంచుకి పోకండి. ట్యూబు మార్చేముందు టైరు లోపల బట్టతో చుట్టూ తుడవండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా కిలోమీటరు తిరక్కుండా దిగిపోతుంది. "మూడు పంచర్లు" అన్నవాళ్లలో చాలామందికి గుచ్చుకున్నది ఒకటే ముల్లని నా అనుమానం.

ఊళ్లో పంచరు షాపు ఉంటుంది కదా అనుకుంటారు. ఉంటుంది, కానీ అక్కడి కంప్రెసరు మూతి మోటారుసైకిలు వాల్వుకి సరిపోయేది. మీ సన్నపాటి ప్రెస్టా వాల్వుకి ఎక్కదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి. గాలి కూడా కొంచెం కొంచెంగా పెట్టమనండి, ఒక్కసారి వదిలితే సైకిలు ట్యూబు పేలుతుంది.

కోతల కాలంలో, అంటే నవంబరు, డిసెంబరుల్లోనూ మళ్లీ ఏప్రిల్లోనూ, సగం రోడ్డు ధాన్యం కళ్లమే. ఆరబోసిన వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. అది రైతు ఆరునెలల కష్టం కూడా, దిగి నడిపించుకుని పక్కనుంచి పోవడం మర్యాద. వరిగడ్డి పోచలు వెనక గేరు చక్రాల్లో చుట్టుకుంటే బలంగా తొక్కకండి, గేరు మార్చే చెయ్యిలాంటి భాగం (డిరెయిలర్) వంగిపోతుంది. ఆగి, పెడలు వెనక్కి తిప్పుతూ చేత్తో లాగెయ్యండి. ఇసుక లారీలు తిరిగే చోట మలుపులో తడి ఇసుక రాలి ఉంటుంది. మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు ముట్టుకోకూడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది సగం విషయం. శనివారం వద్దు: ఆత్రేయపురం దగ్గరి వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కువాళ్లతో ఆ దారంతా కార్లే. వేసవిలో కాలవలు కట్టేశాక వెళ్తే అడుగున బురదా చెత్తా తప్ప చూడ్డానికేం ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూసి కదలండి, 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వాన పడ్డాక తారు లేని గట్టెక్కితే రేగడి బంక బ్రేకుల్లో కూరుకుని చక్రమే తిరగదు. డిసెంబరు, జనవరి మంచులో ముందూ వెనకా లైటు లేకుండా బయల్దేరకండి, చాలాచోట్ల కాలవకీ రోడ్డుకీ మధ్య గోడ ఉండదు.

నీళ్లు గంటకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు. కొబ్బరిబోండం మంచిదే, కానీ చెమటతో పోయే ఉప్పు అందులో తక్కువ, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఉప్పేసిన మజ్జిగ నయం, దాంతోపాటు రెండు అరటిపళ్లు. ఆత్రేయపురంలో పూతరేకులు తిరుగు ప్రయాణంలోనే కొనండి, అదీ అట్టపెట్టెలో. సంచిలో వేసి హ్యాండిలుకి తగిలిస్తే బొబ్బర్లంక చేరేసరికి మిగిలేది పంచదార పొడే.