ఆ ‘ఆరు సూత్రాల’ ఫార్వర్డ్ గురించి

మళ్లీ వచ్చింది. అడ్మిషన్ల కాలం రాగానే చెన్నై తెలుగువాళ్ల గ్రూపుల్లో తిరిగే ‘డబ్బుకు తగ్గ ప్రైవేటు బడిని ఎంచుకునే ఆరు సూత్రాలు’. పిన్ని పంపింది, ఆఫీసు మిత్రుడు పంపాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడుసార్లు పడింది. పంపినవాళ్లలో ఒక్కరైనా చివరిదాకా చదివారా అని నా అనుమానం.

మొదటి సూత్రం, ఫీజు ఎక్కువైతే చదువు బాగుంటుందట. ఆ ఫీజు టీచర్ల జీతాల్లోకి వెళ్తోందో, గేటు దగ్గరి గ్రానైట్‌లోకి వెళ్తోందో ముందు కనుక్కోండి. రెండోది ఏసీ క్లాసులు, ఈతకొలను. దాటేద్దాం.

మూడోది చదివాకే ఒళ్లు మండింది. ‘పదో తరగతిలో నూరు శాతం పాసైన బడినే చూడండి, ఫ్లెక్సీ మీద ర్యాంకులు, సెంటమ్‌లు (నూటికి నూరు మార్కులు) లెక్కపెట్టండి.’ నూరు శాతం రావాలంటే పాఠం బాగా చెప్పడం ఒక దారి. అంతకన్నా సులువైన దారి ఇంకొకటుంది. తొమ్మిదిలో వెనకబడ్డ పిల్లల అమ్మానాన్నల్ని పిలిచి, ‘మీవాడికి ఇక్కడ కష్టమండీ, టీసీ తీసుకోండి’ అనడం. మా పక్కవీధి అబ్బాయికి జరిగిందిదే. ఎల్‌కేజీ నుంచీ వాడి ఫీజు పనికొచ్చింది, పరీక్ష రాసే ఏడు వచ్చేసరికి వాడు పనికిరాలేదు. ఆ ఏడూ ఆ బడి ఫ్లెక్సీ మీద నూరు శాతమే. అబద్ధం కాదు, రాయనిచ్చినవాళ్లంతా పాసయ్యారు మరి! ఇక ర్యాంకులంటారా, పబ్లిక్ పరీక్షల్లో ర్యాంకులు ప్రకటించడం తమిళనాడు ప్రభుత్వం 2017లోనే మానేసింది. ‘స్టేట్ ఫస్ట్’ ఎవరిచ్చారో ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్లే చెప్పాలి. ప్లస్ వన్ (పదకొండో తరగతి) పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్లూ ప్లస్ టూ (పన్నెండో తరగతి) పుస్తకమే రుద్దే బళ్ల బాధ పడలేకే 2017-18లో ప్లస్ వన్‌కీ పబ్లిక్ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. అందుకని శాతం అడక్కండి. నిరుడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, ఈ ఏడు పదో తరగతి పరీక్షకి ఎంతమంది కూర్చున్నారు, అది అడగండి. ఆఫీసు గదిలో మొహాలు ఎలా మారతాయో చూడండి.

నాలుగోది ఇంకా ముద్దుగా ఉంది. ‘డొనేషన్ ఒక్కసారే కదా, రసీదు అడిగి యాజమాన్యంతో చెడగొట్టుకోకండి.’ ఎంత మర్యాదో! విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం డొనేషన్ తీసుకుంటే దానికి పదింతల దాకా జరిమానా వేయొచ్చు. వాళ్లు చట్టం తప్పొచ్చు, మనం మాత్రం రసీదు అడిగి వాళ్ల మనసు నొప్పించకూడదన్నమాట. ఈ రాష్ట్రంలో 2009 చట్టం కింద ప్రైవేటు బళ్ల ఫీజు నిర్ణయించడానికి విశ్రాంత హైకోర్టు జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంది, అది ఒకసారి తేల్చిన ఫీజు మూడేళ్లు నడుస్తుంది. చేర్చేముందు ఆ ఉత్తర్వు చూపించమనండి. చూపించకపోతే అదీ ఒక జవాబే.

కట్టిందంతా టాక్సులో తిరిగొస్తుందనేది ఐదోది. ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ పీఎఫ్, ఎల్‌ఐసీలతో కలిపి లక్షన్నర లోపు, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి. పైగా తగ్గేది ఆదాయం లెక్క, ఫీజు వాపసు రాదు బాబూ.

ఆరోది చూసి ఆశ్చర్యపోయాను. ‘ఇంటికి దగ్గర్లో ఉన్న బడి చూసుకోండి.’ ఎవరు రాశారో గానీ నూటికి నూరుపాళ్లు నిజం. వేళచ్చేరి నుంచి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దాకా రెండుపూటలా వ్యానులో నలిగే పిల్లకి ఎంత గొప్ప బడైనా సాయంత్రానికి ఒకటే. వ్యాను ఖర్చు ఏటా కలుపుకుంటూ పోతే నడిచి వెళ్లే మామూలు బడే గిట్టుబాటు. నవంబరు వానల్లో బడి మధ్యాహ్నమే వదిలేస్తే గొడుగేసుకుని వెళ్లి పిల్లని తెచ్చుకోవచ్చు.