కరివేపాకు గారి శీతాకాలపు విడిది

'కూరలో కరివేపాకు' అనే జాతీయాన్ని తెలుగులోంచి తీసేయాలని, అంత పని కుదరకపోతే అమెరికా మేరకైనా రద్దు చేయాలని భాషా పెద్దలకు ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. అవసరం తీరాక పక్కన పారేసిన మనిషిని కరివేపాకుతో పోల్చడం తెనాలిలో చెల్లుతుంది. అక్కడ నాలుగు వంకాయలు కొంటే అది కొసరు కింద వచ్చి సంచిలో పడుతుంది. మా న్యూజెర్సీలో అక్టోబరు దాటాక ఒకసారి ఇంటికొచ్చి చూడండి. గెస్ట్ రూమ్‌లో దక్షిణం వైపు కిటికీ దగ్గర ఎండలో ఒకరుంటారు. బేస్‌మెంట్‌లో రెండు రగ్గులు కప్పుకుని ఒకరుంటారు. మొదటిది మొక్క. రెండోవారు ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా పెద్ద మామయ్య.

ఏర్పాట్లు సెప్టెంబరు చివర్లోనే మొదలవుతాయి. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 10కి దిగితే కరివేపాకు దిగులు పెట్టుకుంటుంది. అదే ఫారెన్‌హీట్‌లో 32కి, అంటే మన సున్నాకి దిగిందా, కొమ్మలకే ముప్పు. అందుకని మా ఆవిడ ఫోన్లో మూడు వెదర్ యాప్‌లు పెట్టుకుంది. మూడింట్లో ఏది తక్కువ చెబితే ఆ పూటకి అదే ప్రమాణం. నా ఉద్యోగం ఊడిన రోజు కూడా ఈ ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు. ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద మంచు గడ్డకట్టే చలి, వస్తుందని హెచ్చరిక వచ్చిన రాత్రి మాత్రం ఎవరికీ ఆ భాగ్యం ఉండదు.

"ఏవండీ, తెల్లారేసరికి 44 అట. లేవండి."

లేస్తాను. తడి మట్టితో ఉన్న కుండీ బరువు నా బరువులో సగానికి పైమాటే. దాన్ని డెక్ మీద నుంచి చక్రాల పలక మీదికి, అక్కడి నుంచి గరాజ్‌లోకి చేర్చాలి. సరాసరి ఇంట్లోకి తేవడం శాస్త్రసమ్మతం కాదు. ముందు అభ్యంగనం. ఆకు అడుగున ఎర్రనల్లి, కాడల మీద పొలుసు పురుగు దాక్కుంటాయి కాబట్టి ఒక్కో రెమ్మనీ తిరగేసి నీళ్లతో కడగాలి. తరవాత సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి కొట్టాలి. ఆపైన పది రోజులు గరాజ్‌లో వేరుగా ఉంచాలి. కోవిడ్ రోజుల్లో ఇండియా నుంచి దిగిన నన్ను ఎవరూ ఇంత శ్రద్ధగా వేరుగా పెట్టలేదు.

కరివేపాకు సంగతి ఇలా ఉండగా పెరట్లో చిక్కుడు పందిరి కింద ఏటా జరిగే విషాదం మొదలవుతుంది. మా అత్తగారి ఊరి చిక్కుడు పగలు కురచైతే గానీ పూత పట్టదు. జూన్‌లో ఆకు, జులైలో ఆకు, ఆగస్టులో ఇంకా ఆకు. ఇక్కడ ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుతురు ఉంటుంది కదా, పాపం దానికి సంక్రాంతి ఎప్పుడొస్తుందో తెలియదు. సెప్టెంబరు నడిమికి మేలుకుని, ఎన్నికల ముందు రోడ్డు పనుల్లా ఒక్కసారిగా పందిరంతా పూస్తుంది. అక్టోబరుకి గోరంత కాయలు. ఒక రాత్రి ఫ్రాస్ట్ పడుతుంది. తెల్లారి చూస్తే ఉడకబెట్టిన తోటకూరలా పందిరి వేలాడుతుంటుంది. పగటి పొడుగుతో పనిలేకుండా కాసే పొట్టి రకాలున్నాయని తెలియక కాదు. అవి మా అత్తగారి ఊరివి కావు.

ఆ రాత్రి రాకముందే గోంగూర మొత్తం పీకేయాలి. ఫ్రాస్ట్ ఎప్పుడూ వారం మధ్యలోనే వస్తుంది. కాబట్టి మంగళవారం రాత్రి పదింటికి నాలుగు కుటుంబాలు మా వంటింట్లో నేల మీద కూర్చుని ఆకు దూస్తాయి. పచ్చి టమాటాల్లో సగం పచ్చడికి పోతాయి. మిగతా సగం కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే ఒకటొకటిగా పండుతాయి. క్రిస్మస్‌కి ఏ సోఫా కిందో ఒక డబ్బా బయటపడుతుంది. దాని గురించి ఇక్కడ రాయడం బాగుండదు.

మా పక్కింటి అమెరికన్ పెద్దాయన పద్ధతి వేరు. రాలిన ఆకుల మీదుగా లాన్‌మోవర్ తోలి పొడి చేసి మొక్కల మొదట్లో కప్పుతాడు. ఆరంగుళాల గుంటలు తీసి తులిప్ దుంపలూ డాఫొడిల్ దుంపలూ పాతుతాడు. వాటికి ఓ మూడు నెలలు చలి తగలకపోతే సరిగ్గా పూయవట. తులిప్‌లను జింకలు తింటాయి, డాఫొడిల్ జోలికి రావు. అన్నీ తెలిసే రెండూ వేస్తాడు. ఓ పక్క వెల్లుల్లి పాయలు విడదీసి గుచ్చుతాడు, వచ్చే వేసవికి గడ్డలు. ఆ మీదట చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లి వసంతం దాకా తోట ఊసెత్తడు! ఇలాంటి మనిషికి మొక్కల మీద ప్రేమ ఉందని ఎలా అనగలం?

తెనాలి నుంచి మా నాన్న వీడియో కాల్ చేస్తారు. నా ముఖం మీద రెండు క్షణాలు నిలిచి, "ఫోన్ అటు తిప్పరా, మొక్కని చూడనీ" అంటారు. చూసి, "పాలిపోయిందిరా. పులిసిన మజ్జిగ పొయ్యి" అని తీర్పిస్తారు. తెనాలి పెరట్లో అది దివ్యమైన మందే. కార్పెట్ పరిచి, కిటికీలు బిగించి, హీటర్ ఆడుతున్న గదిలో పోస్తే ఏమవుతుందో నిరుడు తెలుసుకున్నాం. మూడో రోజుకి వాసన, పదో రోజుకి కుండీ చుట్టూ నుసుములు. మామయ్య బేస్‌మెంట్‌కి మారిన అసలు కారణం అదేనని కొందరంటారు. మొక్కకి చోటు చాలకనే అని మా ఆవిడ వాదన.

ఇంత కష్టం ఎందుకు, వచ్చేవాళ్ల చేత నాలుగు రెమ్మలు తెప్పించుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వారి బీగిల్ కుక్క ఉంటుంది. ఆవకాయ వాసన తట్టుకుని నిలబడి మరీ పచ్చి కరివేపాకును పసిగడుతుంది. ఆ నిషేధం ఊరికే పెట్టలేదు. కరివేపాకూ నారింజా వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబం. కరివేపాకు మీద వాలే సిల్లిడ్ అనే పురుగు నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోస్తుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డ ఆ తెగులు అక్కడి నారింజ తోటలను పీల్చి పిప్పి చేసింది. అంటే మన పోపు ఆకుకి ఈ దేశ వ్యవసాయాన్నే భయపెట్టగల సత్తా ఉంది. దాన్నా మీరు తీసిపారేసిన మనిషికి పోలిక చెబుతారు?

కార్తీకంలో తులసమ్మ కూడా కిటికీ దగ్గరికి చేరుతుంది. గడియారాలు గంట వెనక్కి జరిపాక సాయంత్రం అయిదు కాకముందే చీకటి. క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మ దొరకదు గనక ఫ్రీజర్ ఉసిరికాయ పెట్టి దీపం వెలిగిస్తాం. స్మోక్ అలారం మంగళవాద్యం అందుకుంటుంది.

డిసెంబరులో ఆకు రాలడం మొదలవుతుంది. వెలుతురు తగ్గితే మొక్క నిద్రలోకి జారుకోవడం మామూలే. ఎరువు వేయకుండా, పైమట్టి ఎండాక కాసిని నీళ్లు పోస్తూ ఓపిక పడితే మార్చిలో మళ్లీ చిగురిస్తుంది. చాలా ఇళ్లలో మొక్కను చంపేది చలి కాదు, కంగారుపడి పోసే నీళ్లే. ఇదంతా తెలిసి కూడా మా ఆవిడ ఉదయం లేవగానే ఆకులు లెక్కపెడుతుంది. ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఎవరూ ఒక్క రెమ్మ తుంచడానికి వీల్లేదు. పోపుకి కావలసిన కరివేపాకు ఇండియన్ స్టోర్లో డబ్బు పోసి కొంటాం.

నిన్న రాత్రి చారులోకి అలా కొన్నదే వేశాం. పిల్లలు ఎప్పటిలాగే ఒక్కో ఆకూ ఏరి కంచం అంచున పెట్టారు. మా ఆవిడ గెస్ట్ రూమ్ తలుపు దగ్గరగా వేసి వచ్చింది.